ల్యాబ్ సిస్టమ్‌ల డిస్క్ ఇమేజ్: ఏ కంప్రెషన్, ఏ లెవెల్ పెట్టాలి?

తణుకు_ల్యాబ్:
అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఒకే మోడల్ సిస్టమ్‌లు 40 ఉన్నాయి. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. సగం వాటికి ఎస్‌ఎస్‌డీ వేయించారు, మిగతావాటికి పాత హార్డ్ డిస్కులే. ఒక సిస్టమ్‌లో విండోస్, సి కంపైలర్, పైథాన్, ఆటోక్యాడ్ అన్నీ ఎక్కించి సిద్ధం చేశాను. దాదాపు 60 జీబీ నిండింది. దీని ఇమేజ్ (డిస్క్‌కి అచ్చు కాపీ) క్లోనెజిల్లా అనే డిస్క్ కాపీ టూల్‌తో తీసి మిగతావాటిలోకి దింపాలి. ఒక కాపీ ప్రతి సెమిస్టర్‌కీ దాచాలి కూడా.

కంప్రెషన్ (డేటా కుదింపు) దగ్గర జీజిప్, బీజిప్2, ఎక్స్‌జెడ్, ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ అని పెద్ద వరస వస్తోంది. అన్నిటికంటే చిన్నగా వచ్చేది ఎక్స్‌జెడ్ అంటున్నారు. కళ్లు మూసుకుని అదే పెట్టేయనా? ఇమేజ్ పెట్టుకోవడానికి ల్యాబ్ సర్వర్‌లో షేర్ ఉంది, 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్కూ ఉంది.

గోదారి_బైట్:
తణుకు గారూ, పెట్టకండి. మీరు ఇమేజ్ తీసేది ఒక్కసారి, దింపేది 39 సార్లు. కాబట్టి కుదించడానికి ఎంతసేపు పడుతుంది, ఎంత చిన్నదవుతుంది అన్నవి తర్వాత చూసుకోవచ్చు. విప్పేటప్పుడు ఎంత వేగం వస్తుందో ముందు చూడాలి. ఎక్స్‌జెడ్ బలహీనత అక్కడే ఉంది.

దింపేటప్పుడు జరిగేది ఇది: సర్వర్ నుంచి కుదించిన డేటా నెట్‌వర్క్ మీదుగా వస్తుంది, క్లయింట్ సిస్టమ్ ప్రాసెసర్ దాన్ని విప్పుతుంది, విప్పింది డిస్క్ మీదికి వెళ్తుంది. కాలవలో ఎక్కడ తూము సన్నగా ఉంటే చివరికి పారేది అంత నీళ్లే. ఆ తూము మీ ల్యాబ్‌లో ఎక్కడుందో తెలియకుండా లెవెల్ (ఎంత గట్టిగా కుదించాలో చెప్పే అంకె) గురించి మాట్లాడుకోవడం దండగ. ముందు చెప్పండి, మీ స్విచ్ 100 ఎంబీపీఎస్‌దా, గిగాబిట్‌దా?

తణుకు_ల్యాబ్:
స్విచ్ గిగాబిట్ సార్. సర్వర్‌కీ ఒకటే గిగాబిట్ కేబుల్.

కరీంనగర్_కేబుల్:
స్విచ్ మీద గిగాబిట్ అని రాసి ఉంటే సరిపోదన్నా. ప్రతి సిస్టమ్‌ల లింక్ స్పీడ్ ఎంత చూపెడుతున్నదో చూడు. గిగాబిట్‌కు కేబుల్ల నాలుగు జతల తీగలూ కలవాలె. కనెక్టర్ క్రింప్ చేసినోళ్లు రెండు జతలే సక్కగ కలిపితే లింక్ 100 కే పడిపోతది. ఇంటర్నెట్ నడుస్తనే ఉంటది కాబట్టి ఎవ్వరికీ తెల్వదు. పాత ల్యాబ్‌లల్ల ఇసొంటి కేబుల్‌లు కొన్ని పక్కా ఉంటయి. ఇమేజ్ దించేటప్పుడు ఒక్క సిస్టమ్ మాత్రమే ఆలస్యం అవుతున్నదంటే కంప్రెషన్ మీద పడకు, ఫస్ట్ కేబుల్ మార్చి చూడు.

గోదారి_బైట్:
కరీంనగర్ అన్న చెప్పింది బంగారం లాంటి మాట. ఇప్పుడు లెక్క వేద్దాం. 60 జీబీ డేటా కుదిస్తే 35 జీబీ అయిందనుకుందాం. గిగాబిట్ మీద ఆచరణలో సెకనుకు 110 ఎంబీ వస్తుంది. ఒక్క సిస్టమ్‌కే దింపితే 35 జీబీ ఐదున్నర నిమిషాల్లోపే వచ్చేస్తుంది. ఆ కాస్త సమయంలో 60 జీబీ విప్పి రాయాలంటే క్లయింట్ సెకనుకు 190 ఎంబీ చొప్పున విప్పాలి.

జెడ్‌స్టాండర్డ్ దానికి రెట్టింపు వేగంతోనైనా విప్పగలదు. ఎక్స్‌జెడ్ సింగిల్ థ్రెడ్‌లో (ఒకే కోర్ మీద), పాత ఐ3 మీద సెకనుకు 80 ఎంబీ ఇస్తుందనుకుంటే అదే పని పన్నెండున్నర నిమిషాలు. నెట్‌వర్క్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తాయి. హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లలో సంగతి వేరు. అది సెకనుకు 120 ఎంబీ రాస్తుందనుకుంటే ఏ కంప్రెషన్ పెట్టినా ఎనిమిది నిమిషాలకు తక్కువ కాదు.

అదే పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ అయితే సెకనుకు 11, 12 ఎంబీకి మించదు. కుదించకుండా పంపితే 60 జీబీకి దాదాపు గంటన్నర, 35 జీబీకి యాభై నిమిషాలు. అక్కడ ఎక్స్‌జెడ్ కూడా నిక్షేపంగా సరిపోతుంది, ఎందుకంటే ప్రాసెసర్ ఎంత నిదానంగా విప్పినా కేబుల్ అంతకంటే నిదానం.

తెనాలి_స్టూడియో:
ఒక మాట. నాకు ఫొటో స్టూడియో ఉంది, పాత సిస్టమ్‌ల ఇమేజ్‌లు ఏళ్ల తరబడి దాస్తుంటాను. దింపే అవసరం ఎప్పుడో గానీ రాదు. స్థలమే నాకు ముఖ్యం. నాలాంటివాళ్లకు ఎక్స్‌జెడ్ లెవెల్ 9 తప్పేమీ కాదు కదా?

గోదారి_బైట్:
తెనాలి గారూ, తప్పు కాదు. మీ అవసరం వేరు, తణుకు గారి అవసరం వేరు. కాకపోతే లెవెల్ 6 నుంచి 9కి వెళ్తే లాభం ఎక్కడొస్తుందో చూడండి. ఎక్స్‌జెడ్‌లో లెవెల్ 6కి డిక్షనరీ (పోల్చి చూడటానికి గుర్తుపెట్టుకునే వెనకటి డేటా) 8 ఎంబీ, 9కి 64 ఎంబీ. దూరదూరంగా పడి ఉన్న ఒకే రకం డేటాను పట్టుకోవడానికి ఆ పెద్ద డిక్షనరీ పనికొస్తుంది. బదులుగా లెవెల్ 9 కుదించేటప్పుడు ఒక్క థ్రెడ్‌తోనే 674 ఎంబీ ర్యామ్ తింటుంది. ఎనిమిది థ్రెడ్‌లు పెడితే 5 జీబీ దాటుతుంది. 8 జీబీ సిస్టమ్‌లో స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకునే స్థితిలోకి) జారితే ఇక తెల్లారినట్టే.

పైగా మీ డిస్క్‌లో ఉండేవి జేపెగ్‌లు, ఎంపీ4లు. అవి ముందే కుదించి ఉన్నవి. ఏ లెవెల్ పెట్టినా తగ్గేది నామమాత్రం. మీరు కెమెరా రా ఫైళ్లే దాస్తున్నా చాలా కెమెరాలు వాటినీ కుదించే రాస్తాయి. ఫొటోలను ఇమేజ్‌లో కలపకుండా విడిగా కాపీ చేసి, ఒక్క విండోస్ పార్టిషన్‌కే ఇమేజ్ తీయండి. ఎక్స్‌జెడ్ ఇవ్వలేని ఆదా అక్కడ దొరుకుతుంది.

రికవరీ_అమీర్‌పేట:
నా వృత్తి డేటా రికవరీ. ఎవరూ అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఒకటుంది: లెవెల్ మార్చితే వచ్చే తేడా కంటే, ఇమేజ్‌లోకి ఏం వెళ్తోంది అన్నదానితో వచ్చే తేడా చాలా పెద్దది.

క్లోనెజిల్లా లోపల పార్ట్‌క్లోన్ పనిచేస్తుంది. అది ఫైల్ సిస్టమ్‌ని చదివి, వాడుకలో ఉన్న బ్లాకులనే తీసుకుంటుంది. డీడీ అనే లినక్స్ కాపీ కమాండ్ అలా కాదు. 500 జీబీ డిస్క్ అయితే 500 జీబీ మొత్తం గంపగుత్తగా చదువుతుంది. ఖాళీ అనుకున్న చోట ఎప్పుడో డిలీట్ చేసిన సినిమాలు, జిప్ ఫైళ్ల అవశేషాలు అలాగే ఉంటాయి. వాటినీ కుదించాలని చూస్తుంది, అవి కుదరవు, ఇమేజ్ ఉబ్బిపోతుంది. డీడీయే వాడాల్సి వస్తే ముందుగా ఖాళీ స్థలాన్ని సున్నాలతో నింపండి. విండోస్‌లో ఎస్‌డిలీట్‌కి జెడ్ ఆప్షన్ ఇచ్చి, లినక్స్ ఈఎక్స్‌టీ4లో అయితే అన్‌మౌంట్ చేసి జీరోఫ్రీతో. సున్నాల వరస ఏ కంప్రెషన్‌కైనా మంచినీళ్ల ప్రాయం.

తణుకు గారూ, మీ విండోస్‌లో ఇవి చూడండి. హైబర్‌నేషన్ ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే మీకు 3 జీబీ పైమాటే. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్‌నేషన్ ఆపేస్తే అది పోతుంది, దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా ఎన్‌టీఎఫ్‌ఎస్ పూర్తిగా మూతపడదు, క్లోనెజిల్లా గొడవ చేస్తుంది. ఆ తర్వాత డిస్క్ క్లీనప్‌లో విండోస్ అప్‌డేట్ మిగుళ్లు తీసేయండి. పేజ్ ఫైల్‌నీ హైబర్‌నేషన్ ఫైల్‌నీ ఇమేజ్‌లోకి రాకుండా తీసేసే ఆప్షన్ క్లోనెజిల్లా ఎక్స్‌పర్ట్ మోడ్‌లోనే ఉంది.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. కొత్త విండోస్ 11 సిస్టమ్‌లలో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) తాళం పడ్డ పార్టిషన్‌ని అలాగే ఇమేజ్ తీస్తే లోపల ఫైల్ సిస్టమ్ కనబడదు, కాబట్టి ఖాళీ స్థలంతో సహా మొత్తం చదవాలి. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా యాదృచ్ఛిక అంకెల్లాగే ఉంటుంది, ఎక్స్‌జెడ్ కాదు కదా ఏదీ దాన్ని ఒక్క శాతం తగ్గించలేదు. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు తీయండి. ఇమేజ్‌కి తాళం కావాలంటే ముందు కుదించి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఆ క్రమం తిరగబడితే కంప్రెషన్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

తణుకు_ల్యాబ్:
అమ్మో, నేను సిద్ధం చేసిన సిస్టమ్‌లో నిజంగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది సార్. ఇప్పుడే ఆపాను, డీక్రిప్ట్ అవుతోంది.

విశాఖ_పెంగ్విన్:
ఎక్స్‌జెడ్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) దొరికింది కదా, అసలు దాన్ని వాడొచ్చా?

రికవరీ_అమీర్‌పేట:
వాడొచ్చు. 2024 మార్చిలో బయటపడింది అది, 5.6.0, 5.6.1 వెర్షన్‌లలో. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ ఉండాల్సిన దానికంటే కాస్త ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. ఆ దుష్ట కోడ్ లైబ్రరీలో దాక్కుని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని లక్ష్యంగా పెట్టుకుంది. ఎక్స్‌జెడ్ ఫార్మాట్‌కి గానీ, కుదించి దాచిన ఫైళ్లకి గానీ దానితో సంబంధం లేదు. మీ దగ్గర ఆ రెండు వెర్షన్‌లూ లేకుండా చూసుకోండి, చాలు.

విశాఖ_పెంగ్విన్:
ధన్యవాదాలు. జెడ్‌స్టాండర్డ్ గురించి నాకు తెలిసింది కలుపుతాను. యాన్ కొలే రాశాడు, ఫేస్‌బుక్ 2016లో 1.0 విడుదల చేసింది. ఎల్‌జెడ్4 కూడా ఆయనదే. లెవెల్‌లు 1 నుంచి 19, డీఫాల్ట్ 3. అల్ట్రా అని అడిగితే 22 దాకా వెళ్తుంది. ఇందులో అసలు గొప్పదనం ఏమిటంటే, కుదించే లెవెల్ ఎంత పెంచినా విప్పే వేగం పెద్దగా మారదు. లెవెల్ 19తో కుదించిన ఫైల్ కూడా లెవెల్ 3 ఫైల్‌కి దగ్గరి వేగంతోనే విప్పుకుంటుంది.

ఆర్చ్ లినక్స్ వాళ్లు 2020 జనవరిలో ప్యాకేజీలను ఎక్స్‌జెడ్ నుంచి జెడ్‌స్టాండర్డ్‌కి మార్చారు. అల్ట్రా లెవెల్ 20తో. మొత్తం సైజు పెరిగింది 0.8 శాతమే, విప్పే వేగం మాత్రం 1300 శాతం మెరుగుపడిందని ప్రకటించారు. వాళ్లదీ తణుకు గారి సమస్యే: ఒకసారి కుదించడం, లక్షల సిస్టమ్‌లలో విప్పడం.

జీజిప్ మాటకొస్తే, 1992 నుంచి ఉంది, ఎక్కడైనా తెరుచుకుంటుంది. కానీ అది వెనక్కి చూసేది 32 కేబీ మాత్రమే. దాని మల్టీ కోర్ రూపమైన పిగ్జ్ వాడితే కుదించడం అన్ని కోర్‌ల మీదా జరుగుతుంది, విప్పడం మాత్రం ప్రధానంగా ఒకే కోర్ మీద. జెడ్‌స్టాండర్డ్ వాళ్ల సొంత పేజీలో సిలేసియా కార్పస్ అనే పరీక్ష ఫైళ్ల మీద కొలతలున్నాయి. లెవెల్ 1లో జెడ్‌స్టాండర్డ్ సుమారు 2.9 రెట్లు కుదిస్తుంది, జీజిప్ వాడే జెడ్‌లిబ్ 2.7 రెట్లు. వేగంలో జెడ్‌స్టాండర్డ్ దానికి ఐదు రెట్లు. చిన్నగానూ ఉండి వేగంగానూ ఉంటే ఇక జీజిప్ ఎంచుకోవడానికి పాత సిస్టమ్‌లతో పొత్తు తప్ప కారణం కనబడదు నాకు.

గోదారి_బైట్:
పెంగ్విన్ గారి మాట తణుకు గారికి ఇంకో రకంగా పనికొస్తుంది. నేను పైన ఒక్క సిస్టమ్ లెక్క వేశాను. మీరు పది సిస్టమ్‌లు ఒకేసారి మొదలుపెడితే? సర్వర్ నుంచి బయటికొచ్చే గిగాబిట్ పదిమంది పంచుకుంటారు, ఒక్కొక్కరికి సెకనుకు 11 ఎంబీ. మళ్లీ 100 ఎంబీపీఎస్ రోజుల్లోకి వెళ్లిపోయినట్టే. అప్పుడు ఇమేజ్ చిన్నగా ఉండటం నిజంగా లాభం: 35 జీబీ కాస్తా 31 అయితే ప్రతి సిస్టమ్‌కీ ఆరు నిమిషాలు మిగులుతాయి. కాబట్టి జెడ్‌స్టాండర్డ్ లెవెల్‌ని 3 దగ్గర వదిలేయకుండా పెంచుకోవడం మీకు లాభసాటి. కుదించే శ్రమ ఒక్కసారే, అదీ రాత్రి వదిలేసి వెళ్లిపోవచ్చు.

ఇంతకంటే మంచి దారి మల్టీకాస్ట్. క్లోనెజిల్లా లైట్ సర్వర్‌తో ఒకే ప్రవాహాన్ని అన్ని సిస్టమ్‌లూ కలిసి అందుకుంటాయి, పంచుకోవడం ఉండదు. కాకపోతే అందరిలో నిదానమైనవాడి వేగమే అందరి వేగం. ఎస్‌ఎస్‌డీ వాటిని ఒక జట్టు, హార్డ్ డిస్క్ వాటిని ఒక జట్టు చేసి విడివిడిగా నడపండి. కరీంనగర్ అన్న చెప్పిన పాడు కేబుల్ ఒక్కటి ఉన్నా జట్టు మొత్తం ఈడుస్తుంది.

కరీంనగర్_కేబుల్:
అదే నేను చెప్పేది!

తణుకు_ల్యాబ్:
లెవెల్ ఎక్కడ మార్చాలి సార్? మెనూలో కంప్రెషన్ పేరు అడుగుతోంది గానీ అంకె అడగడం లేదు.

విశాఖ_పెంగ్విన్:
మామూలుగా ఇమేజ్ తీసేయండి, మెనూలో జెడ్‌స్టాండర్డ్ ఎంచుకోండి. ఇమేజ్ ఫోల్డర్‌లోకి వెళ్తే పార్టిషన్ పేరుతో ఉన్న ఫైల్ ఏఏ, ఏబీ, ఏసీ అని ముక్కలుగా కనిపిస్తుంది. ఆ ముక్కల్ని లినక్స్ కమాండ్ క్యాట్‌తో వరసగా కలిపి, పైప్‌లో (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే దారి) జెడ్‌స్టాండర్డ్‌తో విప్పి, మళ్లీ ఇంకో జెడ్‌స్టాండర్డ్‌లోకి లెవెల్ 15 లేదా 19తో పంపి, స్ప్లిట్‌తో అవే పేర్లతో కొత్త ఫోల్డర్‌లో ముక్కలు చేయండి. మిగతా చిన్న ఫైళ్లన్నీ అలాగే కాపీ చేయాలి. ఫోల్డర్‌లో చెక్‌సమ్ ఫైల్ (డేటా చెడలేదని సరిచూసే అంకెలది) ఉంటే దాన్ని కొత్తగా తయారు చేయాలి. కుదించే కమాండ్‌కి హైఫన్, పెద్ద టీ, సున్నా కలిపితే అన్ని కోర్‌లూ వాడుకుంటుంది. ఈ పని ఐ3 మీద కాకుండా మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి సిస్టమ్ మీద చేయండి. కొత్తది సరిగ్గా దిగిందని రూఢి అయ్యేదాకా పాతది చెరపొద్దు.

లాంగ్ అనే ఆప్షన్ గురించి కూడా మీకెవరైనా చెప్తారు. అది వెతికే దూరాన్ని 128 ఎంబీకి పెంచుతుంది. అంతకు మించి పెంచితే విప్పేటప్పుడు కూడా అదే ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే విప్పనంటుంది. క్లోనెజిల్లా తన కమాండ్ తనే నడుపుతుంది కాబట్టి మీరు దాని జోలికి పోకండి.

సింగపూర్_నీరజ:
నేను మ్యాక్‌లో ఇమేజ్‌లు తీస్తుంటాను. అక్కడా ఇదే తీరు. డిస్క్ ఇమేజ్‌లకు జెడ్‌లిబ్‌తో వచ్చే యూడీజెడ్ఓ ఎప్పటినుంచో ఉంది, ఎక్కడైనా తెరుచుకుంటుంది. యూఎల్ఎఫ్ఓ మ్యాక్ ఓఎస్ 10.11 నుంచి, ఎల్‌జెడ్‌ఎంఏతో చిన్నగా వచ్చే యూఎల్ఎంఓ 10.15 నుంచి. పాత మ్యాక్ ఉన్నవాళ్లకు పంపే ఇమేజ్ అయితే యూడీజెడ్ఓనే సురక్షితం. ఎదుటివాళ్ల దగ్గర తెరుచుకోనప్పుడు అది ఎంత చిన్నదైతే ఏం లాభం!

నాదొక ప్రశ్న. ఇమేజ్ మొత్తం దింపకుండా లోపల్నుంచి ఒక్క ఫైల్ తీసుకోవాలంటే?

రికవరీ_అమీర్‌పేట:
నీరజ గారూ, మామూలు జీజిప్, జెడ్‌స్టాండర్డ్ ఫైల్‌లో మధ్యలోకి దూకడం కుదరదు. మొదటినుంచీ విప్పుకుంటూ రావాల్సిందే. మధ్యలోకి వెళ్లాలంటే ముక్కలు ముక్కలుగా కుదించే ఫార్మాట్ కావాలి. ఫోరెన్సిక్స్‌లో వాడే ఈ01 అందుకే పనికొస్తుంది. అందులో మామూలుగా 32 కేబీ ముక్క దేనికదే కుదిస్తారు, ప్రతి ముక్కకీ చెక్‌సమ్ ఉంటుంది. కంప్రెషన్ కాస్త తగ్గుతుంది గానీ ఏ మూలకైనా నేరుగా వెళ్లొచ్చు, ఒక ముక్క చెడితే మిగతావి బతుకుతాయి.

ఇంట్లో వాడుకోవడానికి నేను చేసేది స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (కుదించి దాచే, చదవడానికి మాత్రమే ఉండే ఫైల్ సిస్టమ్). డీడీతో తీసిన రా ఇమేజ్‌ని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ లోపల పెట్టి జెడ్‌స్టాండర్డ్‌తో కుదిస్తాను. బ్లాక్ సైజు మామూలుగా 128 కేబీ, గరిష్ఠం 1 ఎంబీ. పెద్ద బ్లాక్ పెడితే ఇంకాస్త చిన్నదవుతుంది. దాన్ని మౌంట్ చేసి, లోపలున్న ఇమేజ్‌ని మళ్లీ లూప్ మౌంట్ చేస్తే ఫైళ్లు ఎప్పటిలాగే కనిపిస్తాయి, విప్పే పని వెనకాల అదే చూసుకుంటుంది.

చప్పుడు చేస్తున్న డిస్క్, బ్యాడ్ సెక్టర్లు వచ్చిన డిస్క్ అయితే మాత్రం కంప్రెషన్ మాటే ఎత్తకండి. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో, మ్యాప్ ఫైల్ (ఏ చోట్లు చదివిందో రాసుకునే ఫైల్) పెట్టి, కుదించకుండా నేరుగా ఇంకో డిస్క్ మీదికి తీయండి. అది చదవలేని చోట్లను వదిలేసి ముందుకెళ్లి, తర్వాత తిరిగొచ్చి ఆ ఖాళీలు నింపుతుంది. పైప్‌లో కంప్రెషన్ పెడితే అలా వెనక్కి వచ్చి నింపడం కుదరదు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మళ్లీ మొదటినుంచి చదివే అవకాశం ఇస్తుందన్న నమ్మకం లేదు. మొత్తం బయటికి వచ్చాక తాపీగా కుదించుకోవచ్చు.

తెనాలి_స్టూడియో:
ఏళ్లపాటు దాచే ఇమేజ్‌లో ఒక్క బిట్ చెడితే మొత్తం పోతుందా?

రికవరీ_అమీర్‌పేట:
జీజిప్ ఒకే ప్రవాహం కాబట్టి చెడిన చోటు తర్వాత చాలా మటుకు పోయినట్టే లెక్క. బీజిప్2 900 కేబీ లోపు బ్లాకులుగా కుదిస్తుంది, చెడిన బ్లాక్ తప్ప మిగతావి వెనక్కి తేవొచ్చు. కానీ వీటిలో ఏదీ చెడిన డేటాని సరిచేయదు, చెడిందని చెప్తుంది అంతే. సరిచేయాలంటే పార్2 ఫైళ్లు (చెడిన భాగాన్ని తిరిగి కట్టే అదనపు డేటా) తయారు చేసి పక్కన పెట్టండి. కంప్రెషన్‌లో ఆదా అయిన స్థలంలో ఐదు, పది శాతం దానికి ఖర్చు పెట్టడం దాచేవాళ్లకు ఎంతైనా న్యాయం. రెండో డిస్క్ మీద రెండో కాపీ ఎలాగూ ఉండాలి.

తణుకు_ల్యాబ్:
అందరికీ చాలా థ్యాంక్స్. డీక్రిప్షన్ అయ్యాక, హైబర్‌నేషన్ ఆపి, అప్‌డేట్ మిగుళ్లు తీసేసి జెడ్‌స్టాండర్డ్‌తో ఇమేజ్ తీశాను. తర్వాత ఆఫీసులో ఉన్న మంచి సిస్టమ్ మీద లెవెల్ 19కి మార్చాను. ఒక ఎస్‌ఎస్‌డీ సిస్టమ్‌లో, ఒక హార్డ్ డిస్క్ సిస్టమ్‌లో దింపి చూస్తే రెండూ బాగా బూట్ అయ్యాయి. ఎస్‌ఎస్‌డీ ఉన్నది కాఫీ తాగి వచ్చేలోపు అయిపోయింది. లింక్ స్పీడ్‌లు చూస్తే వెనక వరసలో మూడు సిస్టమ్‌లు 100 దగ్గరే ఉన్నాయి, కరీంనగర్ అన్నా, వాటికి కొత్త కేబుల్ వేయిస్తున్నాం.

ఒక్క చివరి సందేహం. ముక్కల సైజు 4096 ఎంబీ అని డీఫాల్ట్ చూపించింది. అలాగే ఉంచొచ్చా?

గోదారి_బైట్:
ఉంచండి. ఎఫ్‌ఏటీ32లో ఒక్క ఫైల్ 4 జీబీకి చేరకూడదు, కాబట్టి ఆ రకం పెన్ డ్రైవ్ మీదికి కాపీ చేసే పని ఉంటే మాత్రం 4000 పెట్టుకోండి. మీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఏ ఇబ్బందీ లేదు. దింపేముందు మూల సిస్టమ్‌లో సిస్‌ప్రెప్ (ఆ సిస్టమ్ సొంత గుర్తింపును చెరిపే విండోస్ టూల్) చేశారో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే నలభైకీ ఒకే గుర్తింపు వెళ్తుంది.

ఇమేజ్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ కూడా పెట్టండి: ఏ క్లోనెజిల్లా వెర్షన్‌తో తీశారు, కంప్రెషన్ ఏది, లెవెల్ ఎంత, ఏ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, అడ్మిన్ అకౌంట్ పేరు ఏమిటి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండి. ఆ క్లోనెజిల్లా ఐఎస్ఓ కూడా అదే డిస్క్‌లో ఉంచితే వచ్చే సెమిస్టర్‌లో మీ స్థానంలో ఇంకెవరున్నా ఇబ్బంది పడరు.

తణుకు_ల్యాబ్:
సిస్‌ప్రెప్ చేశాను సార్. టెక్స్ట్ ఫైల్ ఇప్పుడే రాస్తున్నాను. సోమవారం నుంచి రెండు జట్లుగా మల్టీకాస్ట్ మొదలుపెడతాం.